స్పోర్ట్ క్వాడ్: ముందు ఊపిరి, తర్వాత ఇరుసు, చివరికే వేగం

ఇసుకలో, మట్టి బాటల్లో వేగంగా నడిపే నాలుగు చక్రాల స్పోర్ట్ క్వాడ్ బైకు చేతికి రాగానే చాలామంది మొదట కొనేది సైలెన్సర్. ఆ వెంటనే గాలి ఇంకా బాగా ఆడాలని గాలి ఫిల్టర్ ఉండే డబ్బా, అంటే ఎయిర్ బాక్సు మూత ఊడదీసి పక్కన పెడతారు. బండి గొంతు పెరుగుతుంది, బొటనవేలితో థ్రాటిల్ నొక్కగానే ముందుకన్నా చురుగ్గా దూకుతున్నట్టు అనిపిస్తుంది. ఇసుకలో ఒక సీజన్ తిరిగేసరికి అదే బండి ఉదయం పూట స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంది, వెనుక నుంచి నీలం పొగ వదులుతుంది. ఇంజన్ విప్పి చూస్తే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగి, సిలిండర్ గోడ మీద నిలువు గీతలు కనిపిస్తాయి. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిన కథ ఇదే. ఇక్కడ తప్పు సైలెన్సర్‌ది కాదు, వరుసది. క్వాడ్ మీద ఎంత ఖర్చు పెట్టారన్నదానికన్నా ఏది ముందు, ఏది వెనుక చేశారన్నదే ఆ బండి ఆయువును నిర్ణయిస్తుంది.

దుబాయ్, షార్జా ఎడారులకు విహారానికి వెళ్ళిన తెలుగువారికి నాలుగు చక్రాల ఈ బండి పరిచయమే. అయితే పొలాల్లో, అడవుల్లో బరువులు మోసే క్వాడ్ వేరు, స్పోర్ట్ క్వాడ్ వేరు. స్పోర్ట్ క్వాడ్‌లో ఇంజన్ శక్తి వెనుక రెండు చక్రాలకే చైను ద్వారా అందుతుంది. క్లచ్, గేర్లు మోటార్ సైకిల్ తరహాలో ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యమైన తేడా వెనుక ఇరుసు. కారులో మలుపు తిరిగేటప్పుడు రెండు వెనుక చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగడానికి డిఫరెన్షియల్ ఉంటుంది. స్పోర్ట్ క్వాడ్‌లో అది లేదు. రెండు చక్రాలూ ఒకే కడ్డీకి బిగించి ఉంటాయి, కాబట్టి ప్రతి మలుపులోనూ ఏదో ఒక చక్రం జారక తప్పదు. ఆ జారుడులో పుట్టే మెలి అంతా ఇరుసే భరిస్తుంది.

ఈ చర్చకు యమహా రాప్టర్ 700 మంచి ఉదాహరణ. 2006 మోడల్‌గా వచ్చిన ఈ బండిలో 686 సీసీ సింగిల్ సిలిండర్ ఇంజన్ ఉంది. పిస్టన్ వ్యాసం 102 మిల్లీమీటర్లు, అది కదిలే దూరం 84 మిల్లీమీటర్లు. నీటితో చల్లబడే ఇంజన్, ఫ్యూయల్ ఇంజెక్షన్, అయిదు గేర్లు, రివర్స్ ఉన్నాయి. పెట్రోలు, ఆయిల్‌తో కలిపి బండి బరువు సుమారు 190 కిలోలు. 2009లో డకార్ ర్యాలీ దక్షిణ అమెరికాకు తరలినప్పుడు క్వాడ్లకు ప్రత్యేక విభాగం ఏర్పడింది. ఆ ఏడాది గెలిచిన యోసెఫ్ మాహాచెక్ మొదలుకొని, అర్జెంటీనాకు చెందిన పాత్రోనెల్లి సోదరులు, చిలీకి చెందిన ఇగ్నాసియో కసాలే వరకు ఎక్కువమంది విజేతలు ఈ బండి మీదే గెలిచారు. రోజుకు వందల కిలోమీటర్లు రాళ్ళలో, దుమ్ములో సాగే పోటీ అది. అక్కడ నెగ్గేది అందరికన్నా వేగంగా పరిగెత్తిన బండి అనడం కన్నా, చివరి రోజు దాకా విరగకుండా నిలబడిన బండి అనడం సరైన మాట.

నిలబడటం ఇప్పుడు మరింత అవసరమైంది. ఒకప్పుడు 450 సీసీ తరగతిలో హోండా టీఆర్‌ఎక్స్450ఆర్, సుజుకి ఎల్‌టీ-ఆర్450, కావసాకి కేఎఫ్‌ఎక్స్450ఆర్ పోటీపడి అమ్ముడయ్యేవి. ఒక్కొక్కటిగా అవన్నీ ఆగిపోయాయి. ఆ స్థాయి క్వాడ్లను కొనసాగిస్తున్న జపాన్ సంస్థ యమహా ఒక్కటే. అంటే ఈరోజు మెరుగుల గురించి ఆలోచిస్తున్న యజమానుల్లో చాలామంది చేతిలో ఉన్నది పది, పదిహేనేళ్ళ పాత బండి. అలాంటి బండిలో ఒక్క భాగం విరిగినా, దానికి సరిపోయేది వెతకడం కొనడం కన్నా కష్టం.

అందుకే మొదటి రూపాయి గాలి మీద పెట్టాలి. ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు మీద అది 7 దగ్గర ఉంటుంది, మామూలు ఉక్కు కన్నా గట్టిది. కంటికి కనిపించే ఇసుక రేణువును ఏ ఫిల్టరైనా ఆపుతుంది. అసలు హాని చేసేది పిండిలాంటి సన్నని దుమ్ము. అది రింగులకూ సిలిండర్‌కూ మధ్య ఆయిల్ పొరలో కలిసి గరుకు కాగితంలా పని చేస్తుంది. ఈ అరుగుదల చాప కింద నీరులా సాగుతుంది, శబ్దం ఉండదు, హెచ్చరిక ఉండదు. స్పోర్ట్ క్వాడ్లలో వాడే స్పాంజి ఫిల్టర్‌కు ప్రత్యేకమైన జిగురు ఆయిల్ పట్టించాలి. ఆయిల్ లేని స్పాంజి దుమ్మును అరకొరగానే ఆపే జల్లెడ. ఫిల్టర్ కూర్చునే అంచుకు గ్రీజు రాయాలి, ఎందుకంటే దుమ్ము ఫిల్టర్ గుండా కన్నా దాని పక్క సందు గుండానే ఎక్కువగా దూరుతుంది. దుమ్ము బాటల్లో గుంపుగా వెళ్ళేవారికి ఫిల్టర్ మీద తొడిగే సన్నని వస్త్రపు కవరు ఇంకా మేలు. ఇదంతా కలిపినా ఒక మామూలు సైలెన్సర్ ధరలో చిన్న భాగం కూడా కాదు. ఈ బండికి దొరికే మెరుగుల్లో పెట్టిన డబ్బుకు ఇంత ఫలితం ఇచ్చేది మరొకటి లేదని గట్టిగా చెప్పవచ్చు.

యమహా వైఎఫ్‌జెడ్450ఆర్ లాంటి రేసు బండ్లకు దుమ్ము ఇంకో రకంగా శత్రువు. వాటిలో గాలిని లోపలికి, పొగను బయటికి వదిలే వాల్వులు అయిదు ఉంటాయి, అవి టైటానియంవి. టైటానియం తేలిక, కాబట్టి ఇంజన్ ఎక్కువ వేగంతో తిరగగలుగుతుంది. కానీ వాల్వు ముఖం మీద ఉండే గట్టి పూత చాలా పల్చన. దుమ్ము ఆ పూతను తినేశాక కింది లోహం త్వరగా అరిగి, వాల్వు తన సీటులోకి ఇంకా లోతుగా కూర్చుంటుంది. పైన ఉండాల్సిన సందు తగ్గిపోతుంది. ఒకప్పుడు తేలిగ్గా స్టార్ట్ అయ్యే ఇంజన్ మొండికేయడం దీని తొలి లక్షణం. చాలామంది అప్పుడు బ్యాటరీ మారుస్తారు. చూడాల్సింది వాల్వు సందు, గాలి వచ్చే దారి.

గాలి శుభ్రంగా వస్తోందని తేలాక, అది పెట్రోలుతో ఏ పాళ్ళలో కలుస్తోందన్నది రెండో మెట్టు. సైలెన్సర్ తెరిచి, ఎయిర్ బాక్సు మూత తీస్తే ఇంజన్‌లోకి ఎక్కువ గాలి వస్తుంది. దానికి తగ్గ పెట్రోలు దానంతట అది రాదు. కార్ల పొగ గొట్టంలో ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది, కంప్యూటర్ దాన్ని చూసి పెట్రోలు సరిచేసుకుంటుంది. చాలా స్పోర్ట్ క్వాడ్లలో ఆ సెన్సర్ లేదు. ఫ్యాక్టరీలో రాసిపెట్టిన పట్టిక ప్రకారమే పెట్రోలు చిమ్ముతుంది. పెట్రోలు పూర్తిగా మండటానికి బరువులో ఒక వంతుకు గాలి 14.7 వంతులు కావాలి. గరిష్ఠ శక్తి కావాలంటే పెట్రోలు కొంచెం ఎక్కువగా, అంటే 12.5 నుంచి 13 వంతుల గాలికి ఒక వంతు చొప్పున ఉండాలి. ఆ అదనపు పెట్రోలు పిస్టన్ తల దగ్గర వేడిని కూడా అదుపులో ఉంచుతుంది. మిశ్రమం పల్చబడితే ఇంజన్ మొదట చురుగ్గా తిరిగినట్టే ఉంటుంది, తర్వాత వేడెక్కుతుంది, ఇసుక దిబ్బ ఎక్కేటప్పుడు పూర్తి థ్రాటిల్ మీద పిస్టన్ అంచు కరుగుతుంది. అందుకే సైలెన్సర్‌ను, గాలి దారిని, పెట్రోలు సవరణను విడివిడిగా కొనకూడదు. ఇంజెక్షన్ బండికి పెట్రోలు పట్టికను మార్చే కంట్రోలర్ కావాలి, కార్బురేటర్ బండికి పెట్రోలు వదిలే సన్నని రంధ్రాల జెట్లు మార్చాలి. మూడింటికీ డబ్బు సరిపోకపోతే మొదటి రెండూ ఆపుకోవడమే మంచిది.

నాకింగ్‌ను, అంటే మిశ్రమం అదుపు తప్పి మండి ఇంజన్ టకటకలాడటాన్ని, పెట్రోలు ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె ఆక్టేన్. ఈ విషయంలో అమెరికాలోని తెలుగువారు తరచూ తికమక పడే అంశం ఒకటి ఉంది. అక్కడి పెట్రోలు బంకులో 87 అని రాసి ఉన్నది భారతదేశపు లెక్కలో 91కి ఇంచుమించు సమానం. రెండు దేశాల్లో కొలిచే పద్ధతి వేరు. రాప్టర్ 700 తొలి మోడళ్ళలో కంప్రెషన్, అంటే సిలిండర్‌లో మిశ్రమాన్ని పిస్టన్ నొక్కే నిష్పత్తి, 9.2, కాబట్టి మామూలు పెట్రోలు చాలు. అందులో ఖరీదైన పెట్రోలు పోసినంత మాత్రాన ఒక్క హార్స్ పవర్ కూడా పెరగదు. కంప్రెషన్ పెంచే పిస్టన్ వేసిన రోజున మాత్రం ఎక్కువ ఆక్టేన్ తప్పనిసరి, లేకపోతే నాకింగ్ మొదలవుతుంది.

సైలెన్సర్ ఎంపికకు చట్టం కూడా ఒక హద్దు గీస్తుంది. 1986 నుంచి తయారైన ఇలాంటి బండ్ల శబ్దం 96 డెసిబెల్స్ దాటకూడదని కాలిఫోర్నియా నిబంధన. అమెరికా అటవీ భూముల్లో తిరగాలంటే నిప్పురవ్వలను ఆపే జాలీ సైలెన్సర్‌లో ఉండి తీరాలి. ఎండిన గడ్డిలో ఒక్క రవ్వ చాలు. ఆ జాలీ వల్ల పోయే శక్తి చాలా స్వల్పం, దాని కోసం జాలీ పీకేయడం సమర్థించలేని పని.

ఇక నేలను తాకే భాగాలు. క్వాడ్ టైర్లలో గాలి నాలుగైదు పీఎస్‌ఐ మాత్రమే ఉంటుంది, మోటార్ సైకిల్ టైరులో ఉండేదానిలో అయిదో వంతు, ఆరో వంతు. ఈ స్థాయిలో ఒక్క పీఎస్‌ఐ తేడా వచ్చినా బండి నడక మారిపోతుంది, కాబట్టి తక్కువ ఒత్తిడిని కొలిచే ప్రత్యేకమైన గేజి కొనాలి. టైరు ఎంపిక నేలను బట్టి ఉండాలి. దక్షిణ కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ ఇసుక దిబ్బల్లో తెడ్డు లాంటి పట్టీలున్న టైర్లు అద్భుతంగా పని చేస్తాయి. అవి నేలను గట్టిగా పట్టేసుకుంటాయి కాబట్టి ఇంజన్, క్లచ్, చైను, ఇరుసుల మీద భారం ఒక్కసారిగా పెరుగుతుంది. జారే టైరు ఒక రకంగా ఆ భాగాలకు రక్షణ. పట్టు పెంచిన వెంటనే ఆ రక్షణ పోతుంది.

వెడల్పు గురించి ఎంత చెప్పినా తక్కువే. అమెరికాలో 1988లో ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం తర్వాత కంపెనీలు మూడు చక్రాల బండ్ల అమ్మకం ఆపేశాయి. బోల్తా ప్రమాదాలు అప్పటికే పెద్ద ప్రజా సమస్యగా మారాయి. నాలుగో చక్రం వచ్చినా సూత్రం మారలేదు. బండి ఎంత పక్క తోపుకు బోల్తా పడుతుందన్నది చక్రాల మధ్య దూరంలో సగానికీ, బరువు కేంద్రం ఎత్తుకూ ఉన్న నిష్పత్తిని బట్టి ఉంటుంది. రాప్టర్ మొత్తం వెడల్పు సుమారు 46 అంగుళాలు. ఒక్కో పక్క రెండు అంగుళాలు పెంచితే ఆ నిష్పత్తి ఇంచుమించు పదో వంతు మెరుగవుతుంది. మలుపుల్లో ఇది స్పష్టంగా తెలుస్తుంది, ఏ సైలెన్సరూ ఇవ్వలేని భరోసా ఇస్తుంది. చెట్ల మధ్య ఇరుకు బాటల్లో తిరిగేవారికి మాత్రం ఇదే వెడల్పు ఇబ్బంది, వారు ఫ్యాక్టరీ కొలతతోనే ఉండటం మేలు.

వెడల్పు పెంచడానికి చవకైన దారి హబ్బుకూ చక్రానికీ మధ్య స్పేసర్లు బిగించడం. చవక కాబట్టే అందరూ అటు వెళ్తారు. చక్రం బయటికి జరిగినకొద్దీ బేరింగుల మీద, బోల్టుల మీద మెలి పెరుగుతుందన్న సంగతి తర్వాత తెలుస్తుంది. ముందు వైపు సరైన పద్ధతి ముందు చక్రాలను చట్రానికి కలిపే ఏ-ఆర్మ్‌లను పొడవైనవి వేయడం, వాటితోపాటు స్టీరింగ్ టై రాడ్లను పొడిగించడం. ఇక్కడ చాలామంది మరిచిపోయే లెక్క ఒకటి ఉంది. 14 అంగుళాల ఆర్మ్ స్థానంలో 16 అంగుళాలది వేసి, షాక్ అబ్జార్బర్‌ను పాత చోటే ఉంచితే, చక్రం దగ్గర స్ప్రింగు బలం 14ను 16తో భాగించి వర్గం చేసినంతకు, అంటే ముప్పావు వంతుకు పడిపోతుంది. ఏ స్ప్రింగూ మార్చకుండానే ముందు భాగం పావు వంతు మెత్తబడిందన్న మాట. గట్టి స్ప్రింగులు వేయకపోతే ప్రతి గుంతలో బండి ముక్కు నేలకు కొట్టుకుంటుంది.

వెనుక వైపు వెడల్పు అంటే పొడవైన ఇరుసు. పొడవు పెరిగితే వంచే బలం పెరుగుతుంది కాబట్టి మామూలు లోహంతో పొడవు పెంచితే నష్టమే. క్రోమ్ మాలిబ్డినం ఉక్కుతో, కొంచెం లావుగా చేసిన ఇరుసు కావాలి. ఇరుసు వంగకుండా నిలిచే బలం దాని వ్యాసం ఘనాన్ని బట్టి ఉంటుంది. అదే ఆకారంలో పది శాతం లావైతే బలం ముప్పై మూడు శాతం పెరుగుతుంది. ఇరుసుతోపాటు అది తిరిగే బేరింగ్ క్యారియర్‌ను కూడా చూడాలి. వెనుక చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందికీ ఊపితే ఏ మాత్రం లొడలొడ ఉన్నా బేరింగులు పోయినట్టే. అరిగిన బేరింగుల మీద ఖరీదైన ఇరుసు బిగించడం కొత్త గుమ్మాన్ని చెదపట్టిన గోడకు నిలబెట్టడం లాంటిది. గెంతి దిగేటప్పుడు బరువంతా మోసే ఈ కడ్డీని దృఢపరచడం, గాలి ఫిల్టర్ తర్వాత, రాప్టర్ యజమాని చేయగల అతి తెలివైన ఖర్చు.

సస్పెన్షన్‌లో ప్రజలు డబ్బు వృథా చేసేది ఎక్కువగా పేరు చూసి కొనడంలో. ఫ్యాక్టరీ షాక్ అబ్జార్బర్లు సగటు బరువున్న నడిపేవారిని ఊహించి తయారవుతాయి. 60 కిలోల మనిషికీ 100 కిలోల మనిషికీ ఒకే స్ప్రింగు సరిపోదు. ఉన్న షాక్ అబ్జార్బర్లను విప్పించి, ఆయిల్, నైట్రోజన్ మార్పించి, తన బరువుకు తగిన స్ప్రింగులు వేయించుకుంటే కొత్తవి కొన్నంత తేడా చాలాసార్లు కనిపిస్తుంది, ఖర్చు మాత్రం అందులో చిన్న వంతే. రేసుల్లో దిగేవారికి ఎల్కా, ఫాక్స్ వంటి సంస్థల పూర్తి షాక్ అబ్జార్బర్లు నిజంగా అవసరమవుతాయి. వారాంతంలో తిరిగేవారికి వాటి ధర బరువే.

గేరింగు మార్చడం ఇంజన్ జోలికి వెళ్ళకుండా బండి స్వభావాన్ని మార్చే పని. చైను తిరిగే పళ్ళ చక్రాలే స్ప్రాకెట్లు. ముందు స్ప్రాకెట్‌కు 14 పళ్ళు, వెనుక 38 పళ్ళు ఉన్నాయనుకుంటే నిష్పత్తి 2.71. ముందు ఒక్క పన్ను తగ్గిస్తే 2.92 అవుతుంది. వెనుక మూడు పళ్ళు పెంచినా దాదాపు అంతే. తొలి లాగుడు ఎనిమిది శాతం దాకా పెరుగుతుంది, గరిష్ఠ వేగం అంతే తగ్గుతుంది. పెద్ద టైర్లు వేసినవారికి ఇది తప్పక చేయాల్సిన సవరణ, ఎందుకంటే టైరు ఎత్తు పెరిగితే గేరింగు దానంతట అదే బరువెక్కుతుంది. ఎన్నో సార్లు ఇంజన్‌లో శక్తి చాలడం లేదన్న ఫిర్యాదుకు అసలు జవాబు ఈ స్ప్రాకెట్ల దగ్గరే దొరుకుతుంది. చైను ఎంత వదులుగా ఉండాలో బండి స్టాండు మీద ఉన్నప్పుడు కాదు, మనిషి కూర్చుని వెనుక సస్పెన్షన్ కుంగినప్పుడు చూడాలి. బిగుసుకుపోయిన చైను గేర్ బాక్సు షాఫ్టునే లాగేస్తుంది.

పట్టు, శక్తి పెరిగితే క్లచ్ జారడం మొదలవుతుంది. చాలామంది వెంటనే గట్టి స్ప్రింగులు కొంటారు. ముందు ఆయిల్ డబ్బా తిప్పి చూడాలి. ఈ బండ్లలో క్లచ్ ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. కార్ల ఆయిల్‌లో ఘర్షణ తగ్గించే రసాయనాలు ఉంటే క్లచ్ ప్లేట్లు జారతాయి. ఆయిల్‌లో మునిగే క్లచ్‌కు తగినదని చెప్పే జపాన్ ప్రమాణం జాసో ఎంఏ డబ్బా మీద ఉందా లేదా అన్నది చూసుకుంటే చాలా క్లచ్‌లు బతుకుతాయి.

ఇన్నీ అయ్యాకే ఇంజన్ లోపలికి చెయ్యి పెట్టాలి. అక్కడ బండిని బట్టి దారి మారుతుంది. 1999లో వచ్చిన హోండా టీఆర్‌ఎక్స్400ఈఎక్స్ సిలిండర్ లోపల ఇనుప గొట్టం, అంటే స్లీవ్ ఉంటుంది. 85 మిల్లీమీటర్ల బోరును, అంటే సిలిండర్ లోపలి వ్యాసాన్ని, 87కు పెంచి 397 సీసీని 416 చేయించడం ఏ మంచి లేత్ వర్క్‌షాపులోనైనా సాధ్యమే. గాలితో చల్లబడే ఇంజన్ కాబట్టి బోరు, కంప్రెషన్ ఎక్కువగా పెంచితే వేడి భరించలేదు, అక్కడ మితమే మంచిది. రాప్టర్ సిలిండర్ గోడకు గట్టి పూత ఉంటుంది. అందులో మామూలుగా బోరు కొట్టిస్తే పూత పోతుంది, మళ్ళీ పూత వేయించాలి, లేదా పెద్ద సిలిండర్ కొత్తది కొనాలి. 105.5 మిల్లీమీటర్ల పిస్టన్‌తో రాప్టర్ 734 సీసీ అవుతుంది. వినడానికి ఆకర్షణీయమే. ఆ పైన వాల్వులను తెరిచే కామ్ షాఫ్టు, వాల్వు స్ప్రింగులు, క్లచ్, పెట్రోలు పట్టిక అన్నీ వరుసగా మార్చాలి. రేసు కోసం కట్టే బండికి అది న్యాయం. వారాంతపు తిరుగుడుకు తొలి 686 సీసీ చాలు, అందులో సగం శక్తిని కూడా పూర్తిగా వాడేవారు అరుదు.

రక్షణ సామగ్రిలో ఒకటి మాత్రం అందం కోసం కాదు. పాదం జారి వెనుక చక్రం కిందికి పోకుండా ఆపే వలతో కూడిన పక్క కడ్డీలను మొదటి రోజే బిగించాలి. వెనుక ఇరుసును మోసే స్వింగ్ ఆర్మ్ కింద రక్షక పలక కూడా అవసరమే. రాళ్ళ నేలలో ప్లాస్టిక్ పలక అల్యూమినియం కన్నా బాగా జారుతుంది. మిగిలిన బంపర్లు, రంగు స్టిక్కర్లు యజమాని ఇష్టం.

ఏ మెరుగు చేసినా చివర్లో టార్క్ రెంచితో బిగించి, అవసరమైన చోట్ల బోల్టు జిగురు వాడాలి. ముఖ్యంగా ఇరుసు నట్టు మొదటి ప్రయాణం తర్వాత కొద్దిగా వదులయ్యే అవకాశం ఉంది. తొలి అరగంట నడిపి, బండి దిగి, చల్లారాక ఆ నట్టును మళ్ళీ ఒకసారి బిగించి చూడాలి.